దారి చెప్పే రాళ్లు

ధర్మపురి ప్రాంతంలో బయటపడ్డ రెండు పాత రాళ్ల గురించి మన పాఠకులతో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. పదమూడో శతాబ్దం నాటివి. అధియమాన్ పెరువళి అనే బాట పక్కన పాతినవి. పెరువళి అంటే తమిళంలో పెద్దబాట. నావల్ తావళం అనే చోటు ఇంకా ఎంత దూరమో ఆ రాళ్లు చెబుతాయి. ఒకదానిమీద 29 కాదాలని, మరోదానిమీద 27 కాదాలని చెక్కి ఉంది. కాదమంటే మన ఆమడలాంటి కొలత.

దూరం చెప్పే రాయి పెద్ద వింతేమీ కాదు. చెక్కించినవాడు అక్షరాలతో, అంకెలతో సరిపెట్టుకోలేదు, అదీ వింత. 29 అన్న రాతిమీద అంకెతోపాటు రెండు పెద్ద గుంటలు, తొమ్మిది చిన్న గుంటలు తొలిపించాడు. 27 అన్నదానిమీద రెండు పెద్దవి, ఏడు చిన్నవి. పెద్ద గుంట పదికి గుర్తు, చిన్నది ఒకటికి. చదువురానివాడు వేలితో తడిమి లెక్కపెట్టుకోవచ్చు. చీకటిపడ్డాక వచ్చినవాడికీ పనికొస్తుంది. పరాయి సీమనుంచి వచ్చి తమిళ అంకెలు ఎరగనివాడికీ పనికొస్తుంది. చరిత్రకారులు వాటిని చదువురానివారి కోసమని రాస్తారు. నాకు మాత్రం ఆ గుంటల బొమ్మ చూడగానే మన తెలుగు లారీ డ్రైవర్లు గుర్తుకు వచ్చారు.

ఎందుకంటే నేను ముప్పై ఏళ్లకు పైగా చెన్నపట్నంలో ఒక లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాను. సరుకుకు బిల్లులు రాయడం, బాడుగ లెక్కలు చూడడం నా పని. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు, బెజవాడ బండ్లు అక్కడ ఆగేవి. అరవంలో ఉన్న కాగితం చదివిపెట్టమని డ్రైవర్లు నా బల్ల దగ్గరికి వచ్చేవారు. "సామీ, దీంట్లో ఏముందో చెప్పు" అని ఒకరు, "రైటరుగారూ, మధురై దోవలో ఎక్కడ మళ్లాలో రాసివ్వండి" అని ఇంకొకరు. అలా తెలుగులో రాసిచ్చిన దారి చీటీలు ఎన్ని వందలో లెక్కలేదు. రాసీ రాసీ నన్నొక ప్రశ్న పట్టుకుంది. ఊరి భాష తెలియని బాటసారికి దారి ఎలా చెప్పాలి, అపాయం ఎలా చెప్పాలి అని మన పెద్దలు ఎన్నడైనా ఆలోచించారా? రిటైరయ్యాక తీరుబడి దొరికి ఆ ప్రశ్న వెంట కొంతదూరం నడిచాను. దొరికినవాటిలో కొన్ని ఇక్కడ పెడుతున్నాను.

మొదట సముద్రపు దారి సంగతి. ఇప్పటి బాపట్ల జిల్లాలో చినగంజాం దగ్గర మోటుపల్లి ఉంది. ఇప్పుడది చిన్న ఊరు. కాకతీయుల కాలంలో పెద్ద రేవు. 1244లో గణపతిదేవ చక్రవర్తి అక్కడ వేయించిన శాసనాన్ని అభయశాసనం అంటారు. అంతకుముందు గాలివానకు కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల్లో సరుకంతా ఆ తీరాన్ని ఏలేవాళ్లు లాక్కునేవారు. గణపతిదేవుడు దాన్ని మాన్పించాడు. నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టబోమని రాతిమీద మాట ఇచ్చాడు. ప్రాణాలు అరచేత పట్టుకుని ఒడ్డుకు చేరినవాణ్ణి దోచుకోవడం అప్పటిదాకా తప్పు కాదు, ఆనవాయితీ. రాజు పూనుకుని రాయి పాతిస్తేగాని పోలేదు. ఈనాడు బోల్తాపడ్డ లారీ చుట్టూ మూగి నూనె డబ్బాలు, చేపల బుట్టలు ఎత్తుకుపోయేవాళ్లను చూస్తే ఆ ఆనవాయితీ పూర్తిగా పోలేదనిపిస్తుంది. నా ఎరుకలో ఒక డ్రైవరు క్యాబిన్‌లో ఇరుక్కుని ఉండగానే వెనకాల లోడు ఖాళీ అయింది.

కాకతీయుల తరువాత, 1358లో, కొండవీటి అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు అభయమిస్తూ మళ్లీ శాసనం వేయించాడు. ఈసారి తెలుగుతోపాటు తమిళంలో కూడా. తెలుగుగడ్డమీద తెలుగు రాజు తమిళం ఎందుకు చెక్కించాడు? రేవుకు వచ్చేవాళ్లలో తమిళ వర్తకులు ఉన్నారు గనుక. ఎవడు చదవాలో వాడి భాషలో రాయాలన్న ఇంగితం అది. దానివల్ల తెలుగుకు లోటు రాలేదు. బోర్డుమీద ఏ భాష పైన ఉండాలి, ఏది కింద ఉండాలి అని మన నాలుగైదు రాష్ట్రాల్లోనూ తగువులు చూస్తున్నాం గనుక ఈ మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను.

ఇక భూమార్గాలు. తమిళనాట ఉన్న మనవాళ్లకు రాణి మంగమ్మ పేరు కొత్తది కాదు. మధుర నాయక రాజవంశపు కోడలు, తెలుగు ఆడపడుచు. పదిహేడో శతాబ్దం చివర మనుమడు పసివాడు కాగా తానే రాజ్యం నడిపింది. ఆమె వేయించిన బాటలు, నాటించిన చెట్లు, కట్టించిన సత్రాలు జనం నోళ్లలో ఇంకా ఉన్నాయి. దక్షిణాదిన కొన్ని దారులను ఇప్పటికీ మంగమ్మాళ్ సాలై అంటారు. మధుర రైల్వేస్టేషను ఎదుట మంగమ్మ సత్రం ఉంది. ఆమె యుద్ధాల పేర్లు చెప్పమంటే నూటికి ఒకరు చెప్పలేరు గాని, చెట్లు నాటించిందని మాత్రం పల్లెటూరి ముసలమ్మకూ తెలుసు.

ఆ బాటల పక్కనే ఇంకొక రకం రాళ్లు ఉండేవి. వాటిని తమిళంలో సుమైతాంగి అంటారు, బరువు మోసేదని అర్థం. రెండు నిలువురాళ్లు, వాటిమీద అడ్డంగా ఒక రాయి, మనిషి భుజమెత్తున. తలమీద మూటతో ఒంటరిగా నడిచేవాడు ఆ మూట నేలమీద దించితే మళ్లీ తలకెత్తడానికి ఇంకొకడు కావాలి. ఈ రాతిమీదకైతే తనంతట తాను జరిపి, అలుపు తీరాక తనంతట తాను తలకెత్తుకోవచ్చు. కడుపుతో ఉండగా చనిపోయిన ఆడకూతురి పేరిట ఇంటివాళ్లు వాటిని పాతించేవారు. దించుకోలేకపోయిన బరువు ఒకటి ఆమెతోనే పోయింది కదా, దారినపోయేవాళ్ల బరువైనా దిగాలని. రోడ్లు వెడల్పు చేసినప్పుడు చాలావరకు పోయాయి. మన పాఠకుల ఊళ్ల దగ్గర ఎక్కడైనా మిగిలి ఉంటే కనీసం ఒక ఫోటో తీసి ఉంచండి.

చలివేంద్రాలు, సత్రాలు, డబ్బుకు అన్నం పెట్టే పూటకూళ్ల ఇళ్లు అన్నీ ఈ కోవలోవే. ఓరుగల్లులో పూటకూళ్ల ఇంటి ముచ్చట క్రీడాభిరామంలో ఉంది. వాటి గురించి చాలామంది రాశారు, నేను మళ్లీ రాయను.

నేను ఎక్కువసేపు నిలబడాలనుకున్నది ఏనుగుల వీరాస్వామయ్యగారి దగ్గర. తెలుగులో దారిని గురించి రాసిన మొట్టమొదటి పెద్ద పుస్తకం ఆయన కాశీయాత్ర చరిత్ర. దాన్ని రాసినవాడు రాజమహేంద్రవరం వాడు కాదు, ఓరుగల్లు వాడు కాదు, మన చెన్నపట్నం వాడు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు ఉద్యోగం. ఒకరి మాట ఇంకొకరికి అర్థమయ్యేట్టు చెప్పడమే బతుకుతెరువు. ఒక భాష మాత్రమే వచ్చినవాడు ఆ పుస్తకం అలా రాసి ఉండడని నా నమ్మకం.

1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు, ప్రయాగ, కాశి, గయ, పాట్నా, కలకత్తా. తిరుగు ప్రయాణం పూరీ జగన్నాథం, గంజాం సీమ, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు మీదుగా. బరంపురం, గంజాం పాఠకులు ఆ పేజీలు తప్పక చూడాలి. ఆయన మొదటి మజిలీ మాధవరం. ఉత్తరాన చెన్నపట్నం దాటగానే వచ్చే ఊరు. ఈ కాకతాళీయం చూడండి: 2018 అక్టోబరులో ఆంధ్రకు పోయే బస్సుల కోసం కొత్త బస్టాండు కట్టింది కూడా ఆ మాధవరంలోనే. తిరుపతికీ నెల్లూరుకీ బెజవాడకీ పోవాలంటే మనమంతా వీరాస్వామయ్యగారి మొదటి మజిలీలో బస్సెక్కుతున్నాం. ఆ బస్సు ఎక్కినవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు!

పుస్తకంలో క్షేత్రమాహాత్మ్యాలు ఉన్నాయి, ఆచారాల చర్చ ఉంది, ఆయన వేదాంతం ఉంది. వాటికోసం చదివేవాళ్లు చదువుతారు. నేను చదివింది గుమాస్తా కళ్లతో. ప్రతి మజిలీకీ ఆయన ఒకే రకం లెక్క రాస్తాడు. ఊరు పెద్దదా చిన్నదా. నీళ్లు మంచివా, దగ్గరా దూరమా. దినుసులు దొరుకుతాయా. దిగడానికి సత్రం ఉందా. వచ్చిన బాట ఇసుకా, రాళ్లా, రేగడా, అడవా. మధ్యలో ఏరు ఉంటే దాటే వీలు ఎలా ఉంది. పల్లకీ మోసే బోయీల కాళ్లకు ఏ నేల ఎంత కష్టమో ఆయనకు బాగా తెలుసు. వెంట దాదాపు నూరుమంది ఉన్నారు. వాళ్లందరికీ రోజూ నీళ్లు, బియ్యం, నీడ దొరకాలి. అందువల్ల ఆ లెక్క తప్పకూడదు. వానకాలం ఆయన్ను దక్కనులోనే పట్టుకుంది. రేగడిలో వాన పడితే నడక ఏమవుతుందో రాయలసీమలోనో బళ్లారిలోనో నడిచినవాళ్లకు నేను చెప్పనక్కరలేదు.

ఆ నూరుమంది ఊరికే ఆడంబరానికి కాదు. ఆ రోజుల్లో దారిభద్రత అంటే గుంపు. నైజాము సీమలో అధికారం పట్టు సడలి ఎవరికివారు కోటలు కట్టుకుని ఉన్న తీరు ఆయన రాశాడు. జబల్‌పూరు మీదుగా ఆయన వెళ్లిన రోజుల్లోనే ఆ ప్రాంతంలో స్లీమన్ అనే కుంపిణీ అధికారి థగ్గుల వేటలో ఉన్నాడు. బాటసారులతో స్నేహం కలిపి, కొన్ని మజిలీలు కలిసి నడిచి, అదును చూసి రుమాలుతో గొంతు బిగించి చంపేవాళ్లని వాళ్లకు పేరు. 1836లో వాళ్లమీద ప్రత్యేక చట్టమే వచ్చింది. థగ్గుల సంఖ్య గురించి తెల్లవాళ్లు గోరంతలు కొండంతలు చేశారని ఇప్పటి చరిత్రకారులు కొందరు అంటారు. అయ్యుండవచ్చు. ఏమైనా ఒంటరి బాటసారి భయం మాత్రం నిజమే.

వీరాస్వామయ్యగారు 1836లో పోయారు. దారిపొడుగునా ఆయన రాసి పంపిన సంగతులను స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె కూర్చి 1838లో అచ్చువేయించాడు. పిళ్లె పేరు చూడండి, ఆయన శ్రమ చూడండి. తెలుగువాడి దారిపుస్తకం అచ్చుకెక్కడంలో ఆ చెయ్యి ఉంది. తరువాత 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు వివరమైన పీఠికతో మళ్లీ వెలికితెచ్చారు. లేకపోతే మనకు దక్కేది కాదేమో. ఆయన భాష మాత్రం అచ్చమైన చెన్నపట్నపు తెలుగు. కచేరీ మాటలు, ఉర్దూ మాటలు, అరవపు వాసన అన్నీ ఉంటాయి. మన తెలుగును చూసి నవ్వే చుట్టాలకు ఆ పుస్తకం చేతికివ్వండి.

ఇక మోటారు వచ్చింది. 1914లో దేశమంతటికీ మోటారు వాహనాల చట్టం చేశారు. బండికి నంబరు, నడిపేవాడికి లైసెన్సు. 1939లో ఒకటి, 1988లో ఇంకొకటి వచ్చాయి. ఇప్పుడు నడుస్తున్నది ఆ 1988 నాటిది, 2019లో పెద్ద సవరణలు చేశారు. చట్టాల కథ నాకంటే వకీళ్లు బాగా చెబుతారు. నా ప్రశ్నకు సంబంధించింది బోర్డుల కథ.

నడిచేవాడు ఆగి అడగగలడు. వీరాస్వామయ్యగారు ప్రతి ఊళ్లోనూ అడిగాడు. మోటారు నడిపేవాడు ఆగడు. మలుపు దగ్గరపడేలోగా సంగతి తెలియాలి. ఐరోపాలో చిన్న చిన్న దేశాలు, గంట నడిపితే భాష మారిపోతుంది. ఆ ఇబ్బందే వాళ్లచేత ఆలోచింపజేసింది. 1909లో పారిస్‌లో కూడి నాలుగు గుర్తులు ఒప్పుకున్నారు: ఎగుడుదిగుడు, మలుపు, నాలుగు దారుల కూడలి, రైల్వే గేటు. అక్షరం లేదు, బొమ్మ మాత్రమే. 1968లో వియన్నాలో ఇంకా విస్తారంగా ఒప్పందం జరిగింది. 1980లో భారతదేశం దానిలో చేరింది. ఎర్ర అంచు ముక్కోణం హెచ్చరిక. గుండ్రనిది ఆజ్ఞ. నీలం పలక సమాచారం. ఆగమని చెప్పేదానికి ఎనిమిది అంచులు. బురద కొట్టుకుపోయి అక్షరం కనబడకపోయినా ఆకారం చూసి ఆగవచ్చు. ధర్మపురి రాతిమీద గుంటలు తొలిచినవాడి బుద్ధి, పారిస్‌లో బొమ్మలు గీసినవాళ్ల బుద్ధి ఒకటే. నడుమ ఆరువందల ఏళ్లు.

సరే, మరి చిక్కెక్కడ? శాశ్వతంగా పాతిన బోర్డులు బొమ్మలతో ఉంటాయి. అసలు ప్రమాదం మాత్రం తాత్కాలికమైన చోట ఉంటుంది. వంతెన మరమ్మత్తు, రోడ్డు తవ్వకం, దారి మళ్లింపు. అక్కడ పెట్టేది కాంట్రాక్టరు మనిషి సున్నంతో ఏ రేకుమీదో రాసిన నాలుగు అక్షరాలు, ఊరిభాషలో. తమిళనాట "మాట్రుప్పాదై" అని ఉంటే అది దారి మళ్లింపని ఒంగోలు కుర్రవాడికి ఎలా తెలుస్తుంది? ఎవరో చదివి చెప్పినా చిక్కే. "ముందర పళ్లి" అంటే ఏదో పల్లె వస్తోందనుకుంటాడు. అరవంలో పళ్లి అంటే బడి. పల్లె అయితే హారను కొట్టుకుంటూ పోతాడు, బడి అయితే వేగం తగ్గించాలి. ఒక్క అక్షరం తేడా. కన్నడ సీమలో ఈ బాధ కొంత తక్కువ, లిపి మనదానికి అక్కచెల్లెలు కాబట్టి కూడబలుక్కుని చదువుతారు. ఒరియా సున్నాల దగ్గర మళ్లీ మొదటికొస్తుంది.

మనకు ఇక్కడి లిపి వచ్చు. పుట్టి పెరిగినవాళ్లం. మన ఇంటికి బండి వేసుకుని వచ్చే చుట్టానికి రాదు. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు సవరించి తిరుత్తణి తమిళనాటికి, సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు మారాయి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో అన్నదమ్ములే చెరొక బోర్డు కింద ఉండిపోయారు.

చదువు సంగతి వచ్చింది గనుక ఒక మాట. లారీలు, బస్సులు నడిపే లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాసై ఉండాలని ఒక నిబంధన కొన్నేళ్లు ఉండేది. 2019లో తీసేశారు. మంచిదే అంటాను. నాకు తెలిసిన గొప్ప డ్రైవర్లలో సగంమందికి సంతకం మాత్రమే వచ్చు. అయితే తీసేసినవాళ్లమీద ఒక బాధ్యత పడింది. చదువురానివాడికి లైసెన్సు ఇచ్చాక, రోడ్డు వాడికి చదవకుండానే అర్థం కావాలి. బొమ్మ బోర్డుమీద సినిమా పోస్టరు, పార్టీ పోస్టరు అంటించడం కేవలం మోటుతనం కాదు, వాడి కళ్లకు గంతలు కట్టడం.

మళ్లీ ధర్మపురికే పోదాం. ఆ రాళ్లు దొరికిన జిల్లాలోనే, బెంగుళూరు నుంచి సేలం పోయే 44వ నంబరు జాతీయ రహదారిలో, తొప్పూరు ఘాటు ఉంది. తెలుగు డ్రైవర్లు ఆ పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తారు. ధర్మపురి వైపునుంచి దిగేటప్పుడు పొడుగాటి పల్లం, మలుపులు. పల్లం చూడగానే డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌కు వేసేస్తారు. ఇంజను పట్టు వదిలిన లోడుబండి బరువంతా బ్రేకులమీద పడుతుంది. అవి కాగి కాగి పట్టు తప్పుతాయి. ఇంజను కూడా ఆపేస్తే ఇంకా ఘోరం. బ్రేకుకు గాలి పట్టించే కంప్రెసరు ఆగిపోతుంది. నాలుగుసార్లు తొక్కేసరికి గాలి అయిపోతుంది, తరువాత పెడలు ఉత్తదే. "ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు" అని పాతకాలపు డ్రైవరు క్లీనరుకు నేర్పిన మొదటి పాఠం. అది ఏ బోర్డుమీదా పట్టదు. నోటినుంచి చెవికి పోవాలి. కొత్తవాడికి ఆ నోరు ఎవరిది? ఆ దారి వచ్చినవాడిది.

కార్లలో వచ్చే చుట్టాలకు నేను చెప్పేవి ఇంకా చిన్న సంగతులు. తెల్లవారుజాము రెండుకూ ఐదుకూ మధ్య నడపవద్దు. ఎంత అలవాటున్నవాడికైనా ఆ వేళ రెప్ప వాలుతుంది, వాలిన సంగతి తెలియదు. రోడ్డుపక్క దీపం లేకుండా ఆపిన లారీలు ఎక్కువమందిని మింగేది ఆ వేళే. పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో, తిరుపతి దారిలో చెన్నపట్నం నుంచి కాలినడక భక్తులు గుంపులు గుంపులుగా పోతుంటారు. తైపూసానికి పళని దారులన్నీ అంతే. కోతల కాలంలో కోస్తా పల్లెల్లో రోడ్డుమీదే ధాన్యం ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పేరుస్తారు. యానాం, కాకినాడ వైపు చుట్టాలకు ఇది కొత్త కాదు, బయటివాళ్లకు కొత్త. ఎదుటివాడు దీపం డిమ్ము చేయకపోతే కోపంతో మీరూ పెంచవద్దు. ఒకరికి కళ్లు కనబడకపోతే ఒక ప్రమాదం, ఇద్దరికీ కనబడకపోతే ఇంకేముంది.

2022లో దేశం మొత్తంమీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వపు లెక్క. వాళ్లలో నూటికి 44 మందికి పైగా మోటారు సైకిళ్లు, స్కూటర్లమీద పోయేవాళ్లు. ఆ ఏడు అన్నిటికంటే ఎక్కువ ప్రమాదాలు జరిగింది మా తమిళనాడులో, 64,105. థగ్గుల కాలంలో నూరుమందితో కదిలితే భద్రం. ఇప్పుడు లక్షలమందితో కలిసి ఒకే రోడ్డుమీద పోతున్నాం, ఆ గుంపే అపాయం.

ప్రమాదం జరిగాక ఏ భాషలో కేక వెయ్యాలి? 2005 ఆగస్టులో హైదరాబాదులో 108 మొదలైంది. తెలుగునాట పుట్టిన ఆ నంబరే తరువాత తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రలకూ వచ్చింది. మన పాఠకులు ఉన్న రాష్ట్రాలలో చాలావాటికి ఒకే నంబరు, గుర్తుపెట్టుకోవడం తేలిక. కాని అవతల ఎత్తినవాళ్లు ఆ రాష్ట్రపు భాష మాట్లాడతారు. ఊరి పేరు సరిగా పలకలేక, చెప్పింది అర్థంకాక నిమిషాలు పోతాయి. అందుకని నేను అందరికీ చెప్పేది ఒకటే: కిలోమీటరు రాయి చూడండి. జాతీయ రహదారి అయితే రాతి నెత్తి పసుపుపచ్చ, రాష్ట్ర రహదారి అయితే ఆకుపచ్చ. రంగు చెప్పి, రోడ్డు నంబరు చెప్పి, రాతిమీది అంకె చెప్పండి. అంకెలు ఇంగ్లీషులో చెప్పినా అందరికీ తెలుస్తాయి. జాతీయ రహదారిమీద 1033 అనే నంబరు కూడా ఉంది.

దెబ్బతగిలినవాణ్ణి ఎత్తితే కేసు మన నెత్తికి వస్తుందన్న భయం డ్రైవర్లలో గట్టిగా పాతుకుపోయింది. ఊరుగాని ఊళ్లో, భాష రానిచోట ఆ భయం రెట్టింపు. 2016 మార్చిలో సుప్రీంకోర్టు సాయపడ్డవాళ్లకు రక్షణ ఇచ్చింది. 2019 సవరణలో అది చట్టంలోనే 134-ఎ సెక్షనుగా చేరింది. మంచి మనసుతో సాయపడ్డవాడిమీద సివిల్ దావా గాని, క్రిమినల్ కేసు గాని లేదు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఇది మీ ఊరి లారీ స్టాండులో తెలుగులో రాసి అంటించదగ్గ సంగతి.

ఇంకొకటి కూడా అంటించండి. 2021 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. ఈ రాష్ట్రపు హద్దుల్లో రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాళ్లకు మొదటి 48 గంటల వైద్యం పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో ఉచితం. మొదట లక్ష రూపాయల దాకా అన్నారు. రేషను కార్డు ఏ రాష్ట్రానిదని అడగరు. గాయపడ్డవాడు ఆంధ్రావాడైనా, ఒడిశావాడైనా ఒకటే. 2025 మేలో కేంద్రం కూడా దేశమంతటికీ ఇలాంటిది తెచ్చింది: ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా. ఈ రెండు సంగతులూ తెలియక, డబ్బు కట్టమంటారేమోనని జాతీయ రహదారి పక్క ఆసుపత్రి వదిలేసి, అద్దె బండిలో సొంతూరుకు బయలుదేరి, దారిలోనే పోయినవాణ్ణి నేను ఎరుగుదును. సరిహద్దు ఇంకా ఇరవై కిలోమీటర్లు ఉంది.